ప్రశ్నించినవాడు పగవాడా?

యుద్ధవార్తలు వచ్చిన రోజుల్లో మన పఠనాలయంలో ఇద్దరు పెద్దలు మాటామాటా అనుకొన్నారు. "దేశద్రోహి" అనేదాకా వెళ్లింది. నేటికీ వారి మధ్య పలకరింపులు లేవు.

వారికి మేమొకటి జ్ఞాపకం చేస్తున్నాము. 1962 అక్టోబరు 20న చైనా దాడి చేసింది. పార్లమెంటును వెంటనే పిలవాలని ప్రతిపక్షసభ్యుడైన వాజపేయిగారు కోరారు. నెహ్రూగారు కాదనలేదు. నవంబరు 8న సభ కూడింది. సరిహద్దున పోరు ముగియకముందే ప్రభుత్వపు ఏమరుపాటును సభ్యులు నిలదీశారు. నవంబరు 14న ఆ సభే, ఆక్రమణదారును తరిమివేయాలని తీర్మానించింది. నిలదీసిన నోళ్లే ప్రతిజ్ఞా చేశాయి.

ఇల్లు కురుస్తున్నదని చెప్పినవాడు ఇంటికి శత్రువు కాడు గదా! ఆ పెద్దలిద్దరూ వచ్చే ఆదివారం ఒకే బల్లమీద కూర్చుని పత్రిక చదవాలని మా కోరిక. వాదన మాననక్కరలేదు, ఆ ఒక్కమాట మానితే చాలును.