పెరడు పోయాక మంచం ఎక్కడ?

చిన్న ఇంట్లో సామాను సర్దుకోవడం మీద పత్రికల్లో, టీవీల్లో సలహాలకు కొదవ లేదు. మడత సోఫా కొనమంటారు. మంచం కింద సొరుగులు పెట్టించమంటారు. బీరువా నైరుతి మూలకు చేర్చమంటారు. చెప్పేవాళ్ళు వేరైనా అందరూ ఒకటి ఖాయం చేసుకునే మొదలుపెడతారు: ఇల్లంటే నాలుగు గోడల మధ్య ఉన్నదేనని. అది ఎంత కురచ చూపో తెలియాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని దోర్నపాల్ దాకా వెళ్ళాలి. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే జాతీయ రహదారి మీద, కుంట దాటాక, సుక్మా ఇంకా రాకముందే తగిలే ఊరిది. ఇక్కడ గోండీ, హిందీలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. ఈ ప్రాంతపు దోర్లా ఆదివాసీల మాటలో తెలుగు పాలు ఎక్కువ.

2005 జూన్‌లో బీజాపూర్ వైపు మొదలైన సల్వాజుడుం మరుసటి ఏడాది కుంట ప్రాంతానికి పాకింది. అడవి పల్లెలు ఖాళీ అయ్యాయి, రోడ్డు పక్కన శిబిరాలు వెలిశాయి. అన్ని శిబిరాల్లో కలిపి 50 వేల మంది దాకా ఉన్నారని ప్రభుత్వమే చెప్పుకుంది. దోర్నపాల్ శిబిరం అతిపెద్ద వాటిలో ఒకటి. మావోయిస్టులకు భయపడి వచ్చినవాళ్ళు కొందరు, బలవంతాన తరలిస్తే వచ్చినవాళ్ళు ఎందరో. ఈ గొడవంతా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆదివాసీ కుర్రాళ్ళకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్‌ల ధర్మాసనం 2011 జులై 5న తేల్చింది. తీర్పు వచ్చింది గానీ, శిబిరానికి వచ్చినవాళ్ళలో చాలామంది అక్కడే ఉండిపోయారు. ఒక ఊరిని మోసుకొచ్చి ఒక గదిలో పెట్టుకోవడం ఎలాగన్నది మాత్రం ఏ కోర్టూ తేల్చే విషయం కాదు. దాన్ని ఆడవాళ్ళే తేల్చుకున్నారు.

ముందు ఆ పాత ఇల్లు ఎలా ఉండేదో చూడాలి. బస్తర్ దక్షిణ పల్లెల్లో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండవు. ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం, చుట్టూ కర్రల కంచె, లోపల విశాలమైన వాకిలి. నిద్రపోయే గుడిసె చిన్నదే. దాన్ని మాత్రమే కొలిస్తే నగరవాసి జాలిపడతాడు. కానీ పశువుల కొట్టం విడిగా ఉంటుంది, కోళ్ళగూడు విడిగా ఉంటుంది, ధాన్యం గుమ్మి మరోచోట. వేసవిలో ఏరుకొచ్చిన ఇప్పపువ్వు ఆరేది వాకిట్లో. వడ్లు దంచేది, చింతపండు గింజ తీసేది, చుట్టాలు కూర్చునేది, ఎండాకాలం రాత్రి మంచం వాల్చేది అన్నీ అక్కడే. ఇంట్లో సామాను తక్కువ కావడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. చేసే పనిలో ముప్పాతిక గోడల బయటే సాగేది కాబట్టి లోపల ఎక్కువ పెట్టుకోవలసిన అవసరమే లేదు. దుస్తులకు దండెం, గిన్నెలకు ఉట్టి, నీళ్ళకు సొరబుర్ర. ఇవేవీ నేల మీద జానెడు చోటు కూడా ఆక్రమించవు.

లోపల పెట్టుకునే వాటికీ ఒక క్రమం ఉంది. నిప్పు పైన అటక కట్టి దాని మీద విత్తనాలు దాచడం ఎన్నో ఆదివాసీ ఇళ్ళలో పద్ధతి. పొగ తగిలితే పురుగు పట్టదు, కప్పు గడ్డీ నాలుగు కాలాలు మన్నుతుంది. బస్తర్ పరిపాలకుడిగా, తర్వాత నిజాం సంస్థానంలోనూ పనిచేసిన విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్ మరియా గోండుల మీద 1938లో ప్రచురించిన పుస్తకంలో ఇంటి లోపలి కొట్టుగది గురించి రాశాడు. చనిపోయిన పెద్దల కుండ ఉండేది ఆ గదిలోనే. ఎవరు పడితే వాళ్ళు, ఎప్పుడు పడితే అప్పుడు అటు వెళ్ళరు. అంటే ఎంత చిన్న ఇంట్లోనైనా ముందు భాగం, వెనుక భాగం, పరాయివాళ్ళ చూపు పడకూడని భాగం అనే తేడా ఉండేది.

శిబిరంలో ఈ తేడాలన్నీ ఒక్కసారిగా చెరిగిపోయాయి. మొదట పట్టాల కింద కాపురం, ఆ తర్వాత వరుసలుగా గదులు. పక్కింటి గోడ చేతికందేంత దగ్గర. మూలలు నాలుగే. ఒక మూల పొయ్యి, ఒక మూల నీళ్ళ బిందెలు, ఒక మూల బియ్యం, నాలుగో మూలకు తలుపు. ఇక నైరుతి, ఆగ్నేయం చూసుకునే వీలెక్కడ? రేకుల కప్పుతో ఇంకో చిక్కు. మధ్యాహ్నం పైభాగం కాలిపోతుంటుంది కాబట్టి విత్తనాలు అక్కడ దాచలేరు. అటక పనికిరాకపోతే ఆ సరుకంతా కిందికి దిగుతుంది. అది దిగితే పడుకునే చోటు తగ్గుతుంది. అయితే దాచుకోవడానికి చాలామందికి విత్తనాలూ లేవు, విత్తే పొలమూ దూరమైపోయింది. అది వేరే కథ. గుమ్మి స్థానంలోకి రేషన్ బియ్యం సంచి, రేకుపెట్టె వచ్చి కూర్చున్నాయి.

ఇలాంటి ఇంట్లో సర్దుబాటు అంటే ఏ వస్తువు ఎక్కడ ఉండాలన్నది కాదు, ఏ పూట ఎక్కడ ఉండాలన్నది. నులక మంచం పగలు గోడకు నిలబడుతుంది లేదా గుమ్మం ముందుకు నడుస్తుంది. రేకుపెట్టె పగలు పీట, రాత్రి సంచుల కింద అరుగు. ఇంటికి అన్నిటికంటే విలువైన సామాను ఖాళీ నేలే. దాన్ని కాపాడుకోవడానికే మిగతావన్నీ లేస్తాయి, వేలాడతాయి, మడతపడతాయి. లారీ బేకర్ తన ఇళ్ళలో కుర్చీలు, బీరువాలు కొనిపించకుండా గోడలోనే గూళ్ళు, కూర్చునే అరుగులు కట్టించేవాడు. ఖర్చు తక్కువ, చోటు కలిసొస్తుంది. అయితే గూడు పెట్టాలంటే గోడ మందంగా ఉండాలి. తడికె మీద మట్టి మెత్తిన గోడకు మేకు దిగడమే కష్టం, గూడు సంగతి చెప్పనక్కర్లేదు.

చిన్న ఇంటి సర్దుబాటును శాస్త్రంగా మార్చిన ఘనత ఫ్రాంక్‌ఫర్ట్‌ది. కార్మికుల ఇళ్ళ కోసం మార్గరెట్ షూట్టె-లిహోట్స్కీ 1926లో వంటగది రూపొందించింది. రైలు భోజనశాలలోని వంటగదిని చూసి, అడుగులు లెక్కపెట్టి, దాదాపు ఆరున్నర చదరపు మీటర్లలో అన్నీ అమర్చింది. దాదాపు 10 వేల ఇళ్ళలో అది వెలిసింది. ఇప్పటి మాడ్యులర్ కిచెన్లకు అమ్మమ్మ అదే. దాని మీద వచ్చిన ఫిర్యాదు కూడా గుర్తుంచుకోదగ్గదే: అందులో ఒక్కరు తప్ప ఇద్దరు కలిసి వండలేరు. నలుగురు కూర్చుని కబుర్లాడుకుంటూ ఆకులు కుట్టుకునే ఇంటికి ఆ కొలత సరిపోదు.

ఇరుకు అసౌకర్యంతో ఆగిపోదు. దోర్నపాల్ ఉన్న రోడ్డు మీదే ఎర్రబోరు శిబిరం ఉంది. 2006 జులై 17 తెల్లవారుజాముకు ముందు మావోయిస్టులు దాని మీద దాడి చేసి గుడిసెలు తగలబెట్టారు. ముప్పైమందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. ఆనుకుని ఉన్న గుడిసెల్లో నిప్పుకు ఆగాల్సిన అవసరం ఉండదు. కాబట్టి తలుపు దగ్గర ఏదీ పెట్టకపోవడం అందం కోసం చెప్పే మాట కాదు. ఒక్క తలుపున్న గదిలో చిన్న పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలన్నదే మొదట తేల్చుకోవాలి. తక్కినవి ఆ తర్వాతే.

అదే కాలంలో శిబిరం వద్దనుకుని సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళకు వాకిలి దొరికింది, నిలకడ దొరకలేదు. రిజర్వు అడవిలో వేసుకున్న గుడిసెలను అటవీ సిబ్బంది పీకేసిన సందర్భాలు ఎన్నో. అలాంటి చోట బరువైన వస్తువేదీ ఇంట్లోకి రాదు. భుజాన మోయగలిగిందే సామాను.

ప్రభుత్వాలకు ఇల్లు కొలవడం మాత్రం వచ్చు. ఇందిరా ఆవాస్ యోజనలో కనీసం 20 చదరపు మీటర్లు. 2016లో వచ్చిన గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన దాన్ని వంటచోటుతో కలిపి 25కు పెంచింది, అంటే 269 చదరపు అడుగులు. తెలంగాణ రెండు పడకగదుల ఇల్లు 560 చదరపు అడుగులు. ఎక్కువ తక్కువల మీద ఎంతైనా వాదించుకోవచ్చు. కానీ కంచె లోపల ఎంత నేల ఉండాలో, మంచం బయట వేసుకునే చోటు ఎంతో ఈ అంకెల్లో లేదు. 25 చదరపు మీటర్ల ఇంటి ముందు మరో 50 మీటర్ల వాకిలి ఉంటే అది పెద్ద ఇల్లు. అవే 25 మీటర్లు వరుసలో ఇరుక్కుంటే సర్దడానికి ఏ నిపుణుడి వల్లా కాదు. ఆవాస్ యోజన వాయిదా సొమ్ము విడుదల కావాలంటే కట్టడం ఏ దశలో ఉందో చూపే జియోట్యాగ్ ఫొటో కావాలి. అందులో పునాది, గోడలు, కప్పు కనబడితే చాలు. ఇంటి ముందు నాలుగు గుంజలు పాతి ఆకులు కప్పుకున్న పందిరి, దాని కింద వాల్చిన మంచం ఆ లెక్కలోకి రావు.