సర్వర్ డౌనమ్మా!

వెనకటి రోజుల్లో పనిమీద ఆఫీసుకు వెళితే "గుమాస్తాగారు సెలవు" అనేవారు. సెలవు పెట్టినాయన రేపో ఎల్లుండో వస్తాడని ఒక ఆశ ఉండేది. ఇప్పుడు "సర్వర్ డౌనమ్మా" అంటున్నారు. ఈ సర్వరుగారు ఎవరో, ఏ ఊళ్లో ఉంటారో, ఎందుకు పడిపోయారో, ఎప్పటికి లేస్తారో చెప్పే నాథుడు లేడు. విన్నవాళ్లు మాత్రం "అలాగా నాయనా" అని కాగితాలు సంచిలో పెట్టుకుని బస్టాండు దారి పడుతున్నారు. ఆ మాట అనేవాళ్లకంటే, విని ఊరుకునే మన తీరు చూస్తేనే నాకు ఒళ్లు మంట.

"సర్వర్ డౌన్" అన్నది జవాబు కాదండీ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నూటికి ఎన్నోసార్లు అది వెతకలేక చెప్పే మాట.

మా మెట్ట ప్రాంతం సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలో చేరామన్నమాటే గాని, నోటికి ఇంకా కృష్ణాజిల్లా అనే వస్తుంది. చందర్లపాడు మనిషికి పని పడితే నందిగామ రావాలి. వత్సవాయి మనిషి జగ్గయ్యపేట వెళ్లాలి. 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదుగా అంటారేమో. టిక్కెట్టు లేకపోవచ్చు, మిరప కోతల రోజుల్లో పోయిన కూలి ఎవరిస్తారు? ఫీజుకు ఆ రోజే గడువైతే ఆ పిల్ల చదువు మాటేమిటి? 1998 నవంబరులో రిజిస్ట్రేషను ఆఫీసుల్లో "కార్డ్" పేరిట కంప్యూటర్లు పెట్టారు. 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. మన బతుకు కాగితాలన్నీ ఆ తీగల్లోకి పోయి పాతికేళ్లు దాటినా, తీగ తెగితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ నేర్పలేదు.

2023 జులైలో మున్నేరు పొంగి, నందిగామ దాటాక ఐతవరం దగ్గర హైదరాబాదు-విజయవాడ హైవే మీదికి నీళ్లొచ్చి బస్సులు ఆగిపోయాయి. ఆనాడు ఎవరైనా "రోడ్డు డౌన్" అన్నారా? "ఐతవరం దగ్గర దారి లేదు" అన్నారు. ఎక్కడ ఆగిందో తెలిస్తేనే కదా, ఆగాలో, చుట్టు తిరిగి పోవాలో తేల్చుకునేది!

ఆఫీసు కంప్యూటర్ల సంగతీ అంతే. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు ఉన్నాయనుకోండి. ఒక్కోదాని తీగా వచ్చి గోడ పక్కనున్న ఒక డబ్బాలో చేరుతుంది. దాన్ని స్విచ్ అంటారు. మనం లైటు వేసే స్విచ్చి కాదు లెండి. అక్కణ్ణుంచి రూటరనే ఇంకో డబ్బాకూ, రూటరు నుంచి బయటి ప్రపంచానికీ దారి. సర్వరుగారి కాపురం సాధారణంగా ఆ బయటెక్కడో. మరి పక్క గదిలో ప్రింటరుకే కాగితం పోవడం లేదంటే, లోపం మన గడప లోపలే కదా! ఊరవతలి సర్వరును ఆడిపోసుకోవడం దేనికి?

ఒక్క కంప్యూటరే మూగబోయిందా, నాలుగూనా? ఇదీ మొదటి ప్రశ్న. ఒక్కటే అయితే దాని తీగ చూడాలి. కొసనున్న ప్లాస్టిక్ కొక్కెం విరిగితే తీగ జారిపోతుంది, డబ్బా మీద దాని దీపం వెలగదు. నాలుగూ అయితే డబ్బాకు కరెంటుందో లేదో చూడాలి. దీపాలు వెలుగుతున్నా పలక్కపోతే కంప్యూటరు అడ్రసు చూడాలి. అది 169.254తో మొదలైతే, అడ్రసులు పంచే రూటరు అందక, కంప్యూటరు తనకు తానే ఒక నంబరు రాసుకుందన్నమాట. రెండింటికి ఒకే అడ్రసు పడితే, రెండిళ్లకు ఒకే డోరు నంబరు వేసినట్టే. పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు పాపం!

కేకేసి చూడటానికీ ఓ సాధనం ఉంది. పేరు పింగ్. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికా ఆయన తయారుచేశాడు. సముద్రంలో శబ్దం పంపి ప్రతిధ్వని వినే సోనార్‌ను చూసి ఆ పేరు పెట్టాడు. ముందు పక్క కంప్యూటరును పిలవాలి, తరవాత రూటరును, ఆ తరవాత బయటివాళ్లను. పలకవద్దని కట్టడి చేసినవి కొన్ని ఉంటాయి, వాటి సంగతి వేరు. తక్కినవాటిలో పలుకు ఎక్కడ ఆగిందో, రోగం ఆ చుట్టుపక్కలే. మిక్సీ తిరగకపోతే "మిక్సీ డౌన్" అని మనం వంట మానేస్తామా? కరెంటుందా, ప్లగ్గు సరిగా ఉందా, జారు కూర్చుందా, అడుగున ఎర్ర బటను ఎగిరిందా అని వరసగా చూడమూ? మనకిదేం బ్రహ్మవిద్య చెప్పండి!

నందిగామలో ఒక చిన్న ఆఫీసులో నా కళ్లారా చూశాను. పొద్దుటి నుంచీ అదే పాట. విజయవాడ నుంచి మనిషి రావాలన్నారు. మధ్యాహ్నానికి వచ్చాడు. స్విచ్ మీద దీపాలన్నీ పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి. ఎవరో శుభ్రత గల మనిషి, వేలాడుతున్న తీగ కొసను ఖాళీగా ఉన్న కంతలో పెట్టారు. దాని రెండో కొస అప్పటికే అదే డబ్బాలో ఉంది! పంపిన మాటే గుండ్రంగా తిరిగి తిరిగి తక్కినవాటి గొంతు నొక్కేసింది. ఆయన ఒక్క తీగ పీకాడు, అన్నీ పలికాయి. పొద్దున వచ్చినవాళ్లు అప్పటికే ఊళ్లకు చేరిపోయారు.

"పాపం, కౌంటరు దగ్గరున్న అమ్మాయి ఏం చేస్తుంది?" అంటారు. నా తగవు ఆ అమ్మాయితో కాదు. "దాన్ని ముట్టుకోవద్దు" అని ఆమెను భయపెట్టినవాళ్లతో. తీగ చూసే హక్కు ఇవ్వరు, తిట్లు తినే బాధ్యత మాత్రం ఆమెకే! నిజంగానే సర్వరు పడిపోయే రోజులూ ఉంటాయి, కాదనను. అప్పుడు కూడా "ఇక్కడిదాకా బాగుంది, బయట ఆగింది, ఫలానా గంటకు కబురు పెట్టాం" అని బోర్డు మీద రాయవచ్చు కదా. ఈ పరీక్షలన్నీ అరపేజీ తెలుగులో రాసి గోడకు అంటిస్తే ఖర్చేముంది? వచ్చిన మనిషి కాగితం మీద తేదీ వేసి సంతకం చేస్తే, గడువు దాటిందని రేపు జరిమానా అడగకుండా ఉంటారు కదా!

ఈసారి ఎవరైనా "సర్వర్ డౌనమ్మా" అంటే సంచి సర్దకండి. "ఎక్కడిదాకా పలుకుతోంది తల్లీ?" అని నెమ్మదిగా అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.