ఆదివారము ఎవరికి సెలవు?

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవము ఆదివారము సాయంకాలమున జరిగెను. ప్రార్థనతో ఆరంభమై ప్రార్థనతోనే ముగిసెను. నడుమ బహుమతి ప్రదానము, నాటిక, పాటలు, ఉపన్యాసములు. క్రైస్తవ నడవడినిగూర్చి మేము చాల చక్కగా మాటలాడితిమని పెద్దలు మెచ్చుకొనిరి కూడ. రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట దీపములార్పుటకు పోయిన మాలో ఒకరికి, వేదిక వెనుక మెట్లమీద కూర్చుండి చల్లారిన అన్నపు పొట్లము విప్పుకొనుచున్న మా బంట్రోతు కనబడెను. ఉదయము ఆరాధనకు వచ్చినట్లు లేదే యని యడుగగా, అతడు నవ్వి, "నేను గుడికొస్తే కుర్చీలెవరు మోస్తారండీ?" అనెను.

ఆ ప్రశ్నకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఇప్పుడును లేదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన సంఘములలో ఒకనిని భక్తిపరుడని చెప్పవలసివచ్చినపుడు మనము చూపు గుర్తు లెవ్వి? ఆదివారము తప్పడు, దశమభాగము చెల్లించును, పాటలు పాడును, ఉపవాస కూటములకు పోవును, ప్రతి ఉదయమును ఫోనులో పదిమందికి ఒక వాక్యము పంపును. ఇవి మంచివే. వీనిని మేము తక్కువ చేయము. అయితే ఆయన క్రింద పనిచేయువారిని పిలిచి, ఆయన యెట్టివాడని మన మెన్నడైన నడిగితిమా? ఆయన యింట అంట్లు తోము స్త్రీ, ఆయన బండి నడుపువాడు, ఆయన బల్లయొద్ద కాగితము పట్టుకొని నిలుచున్న పల్లెటూరి ముసలివాడు, వీరిచ్చు యోగ్యతాపత్రమును ఏ సంఘమును ఇంతవరకు కోరలేదు.

విశ్రాంతి దినమును గూర్చిన ఆజ్ఞను మన పిల్లలు చిన్నతరగతులనుండియే వల్లించుదురు. వల్లించువారు సాధారణముగా గమనింపని సంగతి యొకటి దానిలో గలదు. ఆ దినమున పని మానవలసినవాడు ఇంటి యజమానుడు మాత్రమే కాడు. అతని దాసుడును, దాసియు, పశువులును, అతని గుమ్మములలోపల నున్న పరదేశియు పేరుపేరున చెప్పబడిరి. ద్వితీయోపదేశకాండములో ఆ ఆజ్ఞ తిరిగి వచ్చినపుడు, యజమానునివలెనే అతని దాసదాసీలును విశ్రమింపవలెననుట స్పష్టముగా వ్రాయబడినది. ఐగుప్తులో వెట్టిచాకిరి చేసి వచ్చిన జనమునకు ఈ మాట యెట్లు వినబడియుండునో ఊహించుకొనుడు. సెలవు ఇచ్చుటయు భక్తిలో నొక భాగమని వారికి వేరుగా వివరింప నక్కరలేకపోయి యుండును.

తెలుగునాట ఈ ఆజ్ఞను తొలుత కైకొన్న పేదలు దానికి ఎంత వెల యిచ్చిరో నేటి విద్యార్థులలో చాలమంది యెరుగరు. జాన్ క్లౌ గారు 1866లో ఒంగోలునకు వచ్చి నివాసమేర్పరచుకొనిరి. ఆ సంవత్సరముననే యెర్రగుంట్ల పేరయ్యగారును ఆయన భార్య నాగమ్మగారును బాప్తిస్మము పొందిరి. పేరయ్యగారు మాదిగ కులస్థులు, తోళ్ల వ్యాపారి. ఆ వ్యాపారముమీద ఉత్తర దిక్కునకు పోయినపుడే ఆయన సువార్త వినెను. దేవుని మాట ఆయనకు తోళ్ల బేరమునకు పోయిన దారిలోనే యెదురైనది! క్రొత్తగా చేరువారికి ఆనాడు చెప్పబడిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు.

కుర్చీలో కూర్చుండి చదువువారికి ఇవి చిన్న నియమములుగా తోచవచ్చును. కాని ఆనాటి మాదిగవాడు ఊరి రైతులకు వంశపారంపర్యముగా కట్టుబడినవాడు. చెప్పులు కుట్టుట, మోటకు తోలు తిత్తి కుట్టుట, జాతరలో తప్పెట వాయించుట, కోతలనాడు పిలిచినప్పుడెల్ల పోవుట అతని విధులు. ప్రతిఫలముగా కళ్లములో కొంత ధాన్యమును, చచ్చిన పశువును అతనికి దక్కుచుండెను. అట్టివాడు ఏడు దినములలో ఒక దినము రాననియు, తప్పెట పట్టననియు, చచ్చినదానిని తిననియు చెప్పుట యెట్టి సాహసమో! రైతులకును కరణములకును కోపము వచ్చెను. చాలమంది దెబ్బలు తినిరి, పనులు పోగొట్టుకొనిరి. అయినను నిలిచిరి. వారికి విశ్వాసము మొట్టమొదట తగిలిన చోటు గుడి కాదు, పని.

తరువాత 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ గారు యౌవనమున అమెరికాలో భూములు సర్వే చేసినవారు. గొలుసు పట్టుటయు, మట్టి కొలుచుటయు ఎరిగినవారు. సముద్రతీరమున త్రవ్వబడుచుండిన కాలువలో, మన మిప్పుడు బకింగ్‌హాం కాలువ యనుచున్నదానిలో, కొన్ని మైళ్ల భాగమును కంట్రాక్టు తీసికొని, ఆకలితో చచ్చుచున్నవారికి పని కల్పించి కూలి యిచ్చిరి. ఆయన బోధకులే మేస్త్రీలైరి. ఆ కాలమంతయు బాప్తిస్మములను ఆపివేసిరి. అన్నముకొరకు వచ్చినవానిని విశ్వాసముకొరకు వచ్చినవానిగా లెక్కించుట ఆయనకు సమ్మతము గాదు. కరవు తగ్గిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్యను మన ఆదివారపు బడి పిల్లలు నిద్రలో లేపి యడిగినను చెప్పుదురు. కాలువ సంగతి యడిగినచో పెద్దలును తడుముకొందురు. మా అభిప్రాయములో ఇది విచారింపదగిన మరపు. ఆ జనులు బోధకులను దగ్గరనుండి చూచినది కాలువ గట్టుననే. మట్టి కొలతలో మోసము చేయునో చేయడో, జబ్బుపడినవానిని గద్దించునో కూర్చుండబెట్టునో, కూలి లెక్కించునపుడు ఒక కాసు తన ముడిలో వేసికొనునో వేసికొనడో వారు పలుగుపారలు పట్టుకొని చూచుచునే యుందురు గదా. విరామ సమయమున చెప్పిన బోధను వారు ఆ చూచినదానితో సరిపోల్చుకొనకుందురా?

ఆనాడు సెలవడిగినవారి మునిమనుమలము మనలో అనేకులము. నేడు సెలవిచ్చు స్థానములో నున్నాము. ఉపాధ్యాయులమైతిమి, నర్సులమైతిమి, రైల్వేలోను బ్యాంకులోను సచివాలయములోను పనిచేయుచున్నాము. మన బిడ్డలు గల్ఫు దేశములకును అమెరికాకును పోయి డబ్బు పంపుచున్నారు. ఇందులకు దేవునికి స్తోత్రము చేయవలసినదే. మరి మన యింటిలో ఆదివారము ఎట్లు జరుగుచున్నది? మనము గుడినుండి వచ్చుసరికి కూర ఉడికి యుండవలెను. బంధువులు వచ్చుదురు గనుక ఆ దినమున అంట్లు రెట్టింపు. ఆ అంట్లు తోమునది గుడికి పోయినదా లేదా, అసలు ఆమెకు బిడ్డలున్నారా, వారు ఆ పూట ఏమి తినిరి అని యడుగువారు అరుదు. ఆమెకు నాలుగు దినములు జ్వరము వచ్చినచో నాలుగు దినముల జీతము కోయుదుము; ఆ నెలలోనే మనకు జ్వరము వచ్చి జీతముతోడి సెలవు తీసికొనియుందుము.

అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి యొకటి వ్రాయక తప్పదు. కొన్ని క్రైస్తవ గృహములలో పనిమనిషికి టీ యిచ్చు గ్లాసు వేరుగా నున్నది. అడిగినచో శుభ్రతకొరకందురు. ఏ గ్లాసువలన మన తాతలు అవమానమును మ్రింగిరో ఆ గ్లాసు మన వంటయింటి కిటికీలోనే బోర్లించబడియున్నది. గోడమీద వాక్యపు పటము కూడ నున్నది. రెండును ఒకే మేకుకు తగిలించినట్లే మాకు కనబడుచున్నవి.

ఉద్యోగస్థులను గూర్చి కొంత. పెండ్లిచూపులయందు వరుని జీతమెంతయని యడుగుట సహజము. "జీతం కాక పైన ఏమైనా వస్తుందా?" అని యడుగుట కూడ సహజమైపోయినది. ప్రార్థనచేసి కూర్చున్న సభలోనే ఈ ప్రశ్న వచ్చుటను మాలో కొందరు విన్నారు. ఆ పైరాబడి ఎవని రొంటినుండి వచ్చునో, ఏ వితంతువు పింఛను కాగితమునుండి వచ్చునో అడిగినవారికి తెలియక కాదు. బాప్తిస్మమిచ్చు యోహానునొద్దకు సుంకరులు వచ్చినపుడు అతడు వారిని ఉద్యోగము మాని అరణ్యమునకు రమ్మనలేదు. నిర్ణయించినదానికంటె ఎక్కువ పుచ్చుకొనవద్దనెను. సైనికులకు జీతముతో తృప్తిపడుడనెను. జక్కయ్య మారుమనస్సు కూడ లెక్కల భాషలోనే మాటలాడినది: సగము బీదలకు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు. ఆయన ఆ దినమున పాట పాడెనో లేదో సువార్తికుడు వ్రాయలేదు.

మా కార్యాలయమునకు కూడ పరీక్ష రాకపోలేదు. ఏటేట ఒకరిద్దరు తండ్రులు వచ్చి బిడ్డ పుట్టిన తేదీని ఒక సంవత్సరము జరుపుమని కోరుదురు. వారిలో ఒకరు ముందుగా కన్నులు మూసికొని ప్రార్థనచేసి మరి యడిగిరి. మేము మార్చలేదు. అయితే మార్చకపోవుటకు దైవభయ మెంత కారణమో, తనిఖీ భయ మెంత కారణమో మేమే తేల్చుకొనలేకున్నాము.

దీనికి వ్యతిరేకమైన పొరపాటును కూడ మేము చూచియున్నాము. పనివేళలో వేదము చదువుట సాక్ష్యమని కొందరి తలంపు. రాత్రి వార్డులో గంట మ్రోగుచుండగా కీర్తన ముగించి లేచిన నర్సును మేము భక్తురాలనలేము. ఆ గంట మ్రోగించినవాడు మూత్రపు పాత్ర కావలెనని మ్రోగించియుండును; దానిని వెంటనే తెచ్చి, ముఖము చిట్లింపక, చేతులు కడుగుకొని పోయిన నర్సు ఏ మతస్థురాలైనను ఆ రాత్రి ఆమెయే దేవుని పని చేసినది. మన ప్రభువు ముప్పది యేండ్ల ప్రాయము వరకు ఒక చిన్న యూరిలో వడ్లపని చేసినవాడు. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లల యింట డేరాలు కుట్టినవాడు. ఆ డేరాలలో నీరు కారినవని ఎవ్వరును ఫిర్యాదు చేసినట్లు లేదు!

ఇదంతయు విని ఒక తల్లి మాతో ఇట్లనెను: "మా అబ్బాయి ఒక్కడు తీసుకోకపోతే ఆఫీసు బాగుపడిందా అండీ? వాణ్ణి మారుమూలకు బదిలీ చేశారు, అంతే." ఆమె అబద్ధమాడలేదు. నిజాయితీపరుడు తప్పక వృద్ధిలోనికి వచ్చునని మేము విద్యార్థులకు వాగ్దానము చేయము. చేయువారిని నమ్మవద్దని కూడ చెప్పుదుము. ఒంగోలు ప్రాంతపు మాదిగలకు అట్టి వాగ్దాన మెవ్వరును చేయలేదు. వారు దెబ్బలు తిని యింటికి వచ్చినపుడు భార్యలును తల్లులును వారి ప్రక్కన నిలిచిరి గనుక మరుసటి ఆదివారమును గడిచినది. కావున తల్లిదండ్రులకు మా మనవి యొకటే. మీ కుమారుడు తన జీతముతోనే పండుగకు వచ్చినపుడు, చీరల వెల తక్కువైనదని ప్రక్కింటివాని కుమారుని పేరెత్తకుడు. మారుమూలకు బదిలీయైన ఆ యువకుని తల్లి తన కోడలితోకూడ ఆ యూరికే పోయి కాపురము పెట్టించి వచ్చెనని ఈ మధ్య తెలిసినది. మాతో వాదించిన ఆమెయే!

ఇక మా కుర్చీల సంగతి. ఈ సంవత్సరము వార్షికోత్సవమును శనివారమునకు మార్చితిమి. బంట్రోతునకును, పాకీపని చేయువారికిని, రాత్రి కావలివానికిని భోజనము అతిథులతోపాటు అదే బంతిలో వడ్డింపబడును. మరునాడు వారికి సెలవు. ఈ యేర్పాటు కొంత ఖర్చుతోను, కమిటీలో కొంత వాదముతోను కుదిరినది. వాదము మాలోనే జరిగినది గనుక ఎవరినిగూర్చియు చెడ్డగా వ్రాయుట లేదు. కుర్చీలను తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులును ఉపాధ్యాయులును మోయుదురు. సభ అయిదు గంటలకు ఆరంభమగును. తల్లిదండ్రులు మూడు గంటలకే దయచేసినచో వారికిని కొన్ని కుర్చీలు మిగిల్చియుంచెదము.