వెట్టి అనకండి

బీటెక్ చదివే మా దేవరుప్పుల వైపు పిల్లల నోట ఈ మధ్య ఒక మాట తరచుగా వింటున్నాను. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చేరి కోడ్ రాయమంటే, "పైసా ఇయ్యకుండ కంపెనీలకు వెట్టి చెయ్యమంటవా అన్నా?" అంటారు. పట్నంలో మేధావులూ ఇదే అంటున్నారు, కాస్త పెద్ద మాటల్లో.

కడవెండి మా మండలంలోదే. 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు వెట్టికి ఎదురుతిరిగిన దొడ్డి కొమరయ్య నేలకొరిగింది అక్కడే. ఆ పక్క ఊళ్లో పుట్టి వెట్టి మాటను ఇంత చౌకగా వాడితే నాకు కోపం వస్తుంది. వెట్టిలో కాదనడానికి లేదు. చేసిందంతా దొర గడీకి పోతుంది. ఓపెన్ సోర్స్‌లో ఇష్టం లేకపోతే ఈ పూటే మానేయొచ్చు. ప్రాజెక్టు పెద్దలతో పొసగకపోతే కోడ్ మొత్తం ఫోర్క్ చేసుకుని, అంటే నకలు తీసుకుని, వేరు కుంపటి పెట్టుకోవచ్చు. లైసెన్సే ఆ హక్కు ఇస్తుంది.

కంపెనీలు బాగుపడటం లేదా? పడుతున్నాయి. ఎంఐటీ లైసెన్సు కింద ఇచ్చిన కోడ్‌ను ఎవరైనా తమ సరుకులో కలుపుకుని, మూసిపెట్టి అమ్ముకోవచ్చు. అది గిట్టనివాళ్లకు జీపీఎల్ ఉంది. ఆ కోడ్‌ను మార్చి పంచేవాడు తన మార్పుల సోర్సు కూడా ఇచ్చి తీరాలి. చేరేముందు లైసెన్సు ఫైలు తెరిచి చూసేవాళ్లు మాత్రం తక్కువ.

లాభమంతా కంపెనీలదేనంటే మన భాష సంగతేమిటి? ఇరవై ఏళ్ల కింద తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లవే. ఒకచోటి వార్త కాపీ చేసి మరోచోట అతికిస్తే పిచ్చిగీతలు. ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'ను ఫైర్‌ఫాక్స్ కోసం రాసింది వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసిందీ ఆయనే. ఆయన ఏ గడీకి ఊడిగం చేసినట్టు?

మూసిన కోడ్ పద్ధతి ఎలా ఉంటుందో 2018 ఫిబ్రవరిలో తెలిసొచ్చింది. 'జ్ఞా' గుణింతం ఒక రకంగా టైపై మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. అక్షరం మనది, బాగుచేసే తాళం చెవి ఆపిల్‌ది. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా ఎంతటి తెలుగు ప్రోగ్రామరైనా ఎదురుచూడాల్సిందే.

కొత్తవాడి తిప్పలు నాకు తెలియనివి కావు. బిల్డ్ చేస్తే ఎర్రర్లు. మన మార్పు కలుపుకోమని పుల్ రిక్వెస్టు పెడితే వారాలు గడిచినా ఉలుకూ పలుకూ ఉండదు. తీరా వచ్చే జవాబు, "టెస్టులు ఎక్కడ?" చాలామంది అక్కడే అలుగుతారు. కానీ ముక్కూమొహం తెలియని ఒకరు మన కోడ్‌ను వరుస వదలకుండా చదివితేనే ఆ ప్రశ్న పుడుతుంది. అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు కడితే రసీదు వస్తుంది, అలాంటి చదువరి వస్తాడన్న హామీ లేదు.

చాకిరీ సంగతే మాట్లాడాలంటే ఆ కోడ్ చదివే, ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్ గురించి మాట్లాడండి. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డాకే, లక్షల వెబ్‌సైట్లు నమ్ముకున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు పూర్తికాలం పనిచేసేది ఒక్క మనిషేనని లోకానికి తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే మరో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుది ఇంకా ఘోరం. అలసిపోయిన మెయింటెయినర్ పక్కన సాయానికని చేరి, ఏళ్లపాటు నమ్మకం కూడబెట్టిన ఒకడు అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని తవ్వితే అది దొరికింది. కొత్త పేరు చూస్తే మెయింటెయినర్లు ఆచితూచి అడుగేస్తున్నారంటే తప్పేముంది?

మరి మనవాళ్లు ఏం చేశారు? అదే 2024లో, మన దేశపు యూట్యూబ్ పాఠం ఒకటి చూసి విద్యార్థులు ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టు మీద పడ్డారు. రీడ్‌మీ ఫైల్లో తమ పేరు చేర్చమని పుల్ రిక్వెస్టులు గుప్పించారు. అంతకుముందు 2020లో, హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ పండుగలోనూ ఇదే తంతు. నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు అనగానే పనికిరాని మార్పులు వరదలా వచ్చాయి. నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధనలు మార్చి, చేరతామని ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. ఆ చెత్తను ఒక్కొక్కటిగా తెరిచి మూసినవాళ్లలో జీతం లేనివాళ్లే ఎక్కువ. ఆ టీషర్టు తొడుక్కొచ్చి నాకు వెట్టి గురించి చెప్పకండి.