‘అడ్జస్ట్‌మెంట్ ప్రాబ్లం’ ఎవరిది?

ఒక సలహా కేంద్రంలో పాత కేసు కాగితాలు తిరగేస్తుంటే ‘తగాదాకి కారణం’ అన్న గడిలో రెండు మాటలు కనిపించాయి: అడ్జస్ట్‌మెంట్ ప్రాబ్లం. ఆ కేసు తాలూకు స్త్రీని తర్వాత కలిశాను. కూర చల్లారిందని ఒకరోజు కొట్టాడు, ఉప్పు ఎక్కువైందని ఇంకోరోజు కొట్టాడు, మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందని పుట్టింటికి తోలేశాడు. ఇదంతా ఆమె కేంద్రంలోనూ చెప్పింది. విన్న కార్యకర్త రాసింది మాత్రం ఆ రెండు మాటలే. మనోవర్తి కేసులో భర్త తరఫు లాయరు ఆ కాగితాన్నే చేతిలో పట్టుకుని, ఈమెకి సర్దుకుపోవడం చేతకాదని స్త్రీల సంస్థే రాసింది కదా అన్నాడు.

ఆ కార్యకర్త చెడ్డ మనిషేమీ కాదు, మనలాంటిదే. కానీ ‘ఆడది సర్దుకుపోవాలి’ అని తెలుగులో రాయమంటే ఆమె చెయ్యి ఆగేది. ఈ మాట అన్నదెవరు? అత్తా, కులపెద్దా, నేనా? అన్న ప్రశ్న వచ్చేది. ఇంగ్లీషులో రాసేసరికి అది ఎవరి మాటా కాకుండా పోయింది. డాక్టరు చీటీ మీద రోగం పేరులా కూర్చుంది. నలుగురూ అనుకునే మాటకి ఇంగ్లీషు తొడిగితే అది నిర్ధారణ అయిపోతుందన్నమాట!

‘క్యారెక్టర్’ సంగతి చూడండి. 1978లో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేసి, ఆమె భర్తని కొట్టి చంపినప్పుడు, పోలీసుల తరఫువాళ్లు పట్టుకున్నది ఆమె క్యారెక్టర్‌నే. బాధితురాలు నీతి తప్పిన మనిషని చూపించి ఆమె సాక్ష్యాన్ని దెబ్బతీసే వీలు 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉండేది. దాన్ని తీసెయ్యడానికి 2002 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. చట్టంలోంచి పోయింది గాని, పోలీసు స్టేషన్ బెంచీ మీద నుంచి పోలేదు.

ఇక ‘ఈవ్ టీజింగ్’. ఆడపిల్ల వెంటపడి, చెయ్యి పట్టుకుని లాగడాన్ని ఆటపట్టించడం అనడం! పైగా ఆ పిల్లకి ఈవ్ అని పేరు, అంటే మొదట ఆశ పెట్టింది తనే. తమిళనాడు 1998లో ఏకంగా ఈ పేరుతోనే చట్టం చేసి, 2002లో పేరు మార్చుకుంది. ఈ మాట వాడవద్దని సుప్రీంకోర్టు 2023లో తన కరదీపికలో చెప్పింది. మన విలేకరులకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

తెలుగులోకి మార్చుకున్నా ఆ బుద్ధి పోదు. 2018లో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపారు. ‘హానర్ కిల్లింగ్’ని తర్జుమా చేసి ‘పరువు హత్య’ అన్నారు. ఎవరి పరువు? చంపించినవాడి లెక్కే శీర్షికకి ఎక్కింది, కులం అన్న మాట శీర్షికలోంచి జారిపోయింది.

ఇంగ్లీషు మీద నాకు పగ లేదు. ‘మానభంగం’ అన్న మాట నేరాన్ని ఆమె మానానికి ముడిపెడుతుంది. ‘రేప్’ అన్న మాట ఆ ముడి విప్పింది, అందుకే ఉద్యమంలో దాన్నే పట్టుకున్నాం. నా పేచీ మాట పుట్టిన చోటుతో కాదు, అది ఎవర్ని దాస్తోందన్న దానితో.

ఈ విషయంలో మన నివేదికలు ఏం తక్కువ తిన్నాయి? ‘కమ్యూనిటీ పర్సెప్షన్’ అని రాస్తాం. కమ్యూనిటీ అంటే ఎవరు? అలా అనుకుంటున్నది సర్పంచా, ఆమె మరిదా, రచ్చబండ మీద కూర్చున్న నలుగురు మగవాళ్లా? అదే ఊళ్లో కూలికి పోయే ఆడవాళ్లు వేరేగా అనుకుంటుంటే, వాళ్లు కమ్యూనిటీ కాదా? నిధులిచ్చేవాళ్లకి ఇంగ్లీషు కావాలంటారు. సరే, ముందు తెలుగులో పేర్లతో, ఎవరేమన్నారో రాసుకుని, ఆ తర్వాత పేర్లు తీసేసి ఇంగ్లీషు చెయ్యండి.

ఆ గడిలో రాయాల్సింది, కూర చల్లారిందని కొట్టాడన్న ఆమె మాటే. గడి చాలకపోతే కాగితం వెనక బోలెడంత ఖాళీ ఉంది.