కెమెరాకూ ఒక పాత్ర

టెలివిజన్ కొరకే తయారయ్యే ఉత్కంఠ కథలకు ఒక ఆనవాయితీ ఏర్పడి ఉన్నది. ఎక్కడో బాంబు ఉంటుంది. దాని ఆచూకీ తెలిసినవాడు నోరు విప్పడు. గడియారపు ముల్లు పరుగెత్తుతూ ఉంటుంది. కట్టకడపటి క్షణంలో కథానాయకుడు సరియైన తీగను తెంపుతాడు. మనము ఊపిరి పీల్చుకొని దీపమార్పి నిద్రిస్తాము. 2001 నవంబరులో అమెరికాలో ప్రారంభమైన ‘24’ అనే ధారావాహిక ఆ గడియారాన్నే తెర మీదికి తెచ్చి కూర్చుండబెట్టినది. 2013లో అనిల్ కపూర్ దానిని హిందీలో వెలయించగా మన ఇండ్లలోనూ అది టిక్కు టిక్కుమన్నది.

ఇట్టి కథలను వట్టి కాలక్షేపమని త్రోసివేయనక్కరలేదు. వినేవానిని కదలనీయకుండా కూర్చుండబెట్టడం కూడా ఒక విద్యయే. మన కాశీమజిలీ కథలు మజిలీ మజిలీకి చేసిన పని అదే కదా! కాని మజిలీ కథలో ఆపద ఒక రాజకుమారునిది. ఇక్కడి ఆపద ఒక నగరానిది. నాయకుడు గెలిచినాడా లేదా అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకొంటే, వ్యవహారం ఇంతదాకా ఎట్లు వచ్చినది, అందులో ఎవరెవరి చేయి ఉన్నది అన్న ప్రశ్న మరుగున పడిపోతుంది. ఆ మరుగుపడిన ప్రశ్ననే పట్టుకొన్న చిత్రం ఒకటి ఉన్నది. దాని పేరు ‘స్పెషల్ బులెటిన్’. 1983 మార్చి 20న అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ దానిని ప్రసారం చేసినది. దర్శకుడు ఎడ్వర్డ్ జ్విక్. రచయిత మార్షల్ హెర్స్కోవిట్జ్.

ఈ చిత్రానికి కథ చెప్పే తీరే ప్రాణం. మొదటి నుండి చివర వరకు అది వార్తా ప్రసారం రూపంలోనే నడుస్తుంది. ఫిల్ము మీద గాక వీడియో టేపు మీద తీసినందువల్ల వార్తల దృశ్యాలకు ఉండే పచ్చిదనం దానికి అబ్బినది. లేని వార్తాసంస్థ నొకదానిని కల్పించి, దానికి వార్తలు చెప్పే స్త్రీ పురుషుల నిద్దరిని కూర్చుండబెట్టినారు. చూచేవారు నిజమని భ్రమించి భయపడకుండా, ఇది నాటకమని తెలిపే అక్షరాలను ఎన్.బి.సి. వారు మధ్య మధ్య తెరపై చూపవలసి వచ్చినది. 1938లో ఆర్సన్ వెల్స్ రేడియోలో అంగారక గ్రహవాసుల దండయాత్రను వార్తలుగా వినిపించిన ఉదంతం వారు మరువలేదన్నమాట.

కథ దక్షిణ కెరొలైనా రాష్ట్రంలోని చార్లెస్టన్ రేవులో జరుగుతుంది. రేవు కార్మికుల సమ్మెను చిత్రించడానికి వెళ్ళిన విలేఖరి, అతని కెమెరామన్ హఠాత్తుగా తుపాకి కాల్పుల నడుమ చిక్కుకొని, ఓడలను లాగే ఒక పడవలో బందీలవుతారు. పడవలో స్వయంగా తయారుచేసుకొన్న అణుబాంబు ఉన్నది. దానిని తెచ్చినవారు ధనం అడుగరు. ఆ ప్రాంతంలోని అణ్వాయుధాలను పేల్చే పరికరాలన్నింటిని తమకు అప్పగించాలనీ, వాటిని నాశనం చేస్తామనీ అంటారు. అణ్వాయుధాలు పోవాలని కోరేవారే అణుబాంబుతో ఒక ఊరిని బెదిరించడం! ఒకప్పుడు ప్రభుత్వపు ఆయుధ వ్యవస్థలో పనిచేసినవారు వారిలో ఉన్నారు. ఈ పాత్రలకు రచయిత మరికొంత రక్తమాంసాలు ఇవ్వవలసినది. అక్కడక్కడ వారు మనుష్యులవలెగాక కరపత్రాలవలె మాట్లాడుతారు.

వారి మరొక కోరిక అసలైనది. తమ మాట దేశమంతటికి ప్రత్యక్షంగా వినిపించాలి. వార్తాసంస్థ అందుకు సమ్మతిస్తుంది. బందీయైన కెమెరాయే వారికి వేదిక అవుతుంది. వార్తాసంస్థకు మరెవరికీ దొరకని కథ దొరుకుతుంది. ఉభయుల అవసరమూ తీరినది. వార్తలు చెప్పేవారు తాము తీరాన నిలిచిన సాక్షులమే అనుకొంటారు గాని, చూచేవానికి వారు ఎప్పుడో పడవ ఎక్కినట్లు కనిపిస్తుంది. ప్రభుత్వం సమ్మతి నటిస్తుంది. సైనికులు పడవపై దాడి చేస్తారు. నిపుణులు బాంబును నిర్వీర్యం చేయబూనుతారు. ఆనవాయితీ ప్రకారం ఇక్కడ గడియారం ఆగాలి. ఆగదు. నగరం పోతుంది.

ఈ చిత్రానికి ఆ సంవత్సరపు ఉత్తమ నాటక విభాగంలో ఎమ్మీ బహుమానం వచ్చినది. పాతికేండ్ల తరువాత దాని ఊహలో సగం మన దేశంలోనే నిజమైనది. 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో పదిమంది ఉగ్రవాదులు ప్రారంభించిన మారణకాండ మూడు దినాలు సాగి 166 మందిని బలిగొన్నది. హోటళ్ళ వద్ద కమాండోల కదలికలను వార్తా చానళ్ళు ప్రత్యక్షంగా చూపినవి. సరిహద్దుకు ఆవల కూర్చున్న సూత్రధారులు ఆ ప్రసారాలు చూస్తూ లోపలివారికి ఫోనులో ఆదేశాలిచ్చినారు. 2012 ఆగస్టు 29న కసబ్ కేసులో తీర్పు చెప్పుతూ సుప్రీంకోర్టు ఈ ప్రసారాలను తీవ్రంగా గర్హించినది. అవి భద్రతాదళాల పనిని కష్టతరమేగాక ప్రమాదకరం కూడా చేసినవని పేర్కొన్నది. 2015లో కేబుల్ టెలివిజన్ నియమావళిని సవరించి, ఉగ్రవాద వ్యతిరేక చర్యలు ముగిసేవరకు ప్రత్యక్ష ప్రసారాలను నిషేధించినారు. నియుక్తుడైన అధికారి అప్పుడప్పుడు చెప్పే సమాచారమే చానళ్ళకు ఆధారం.

నిషేధం చానళ్ళకే గాని చూచే కంటికి కాదు. ఈనాడు ప్రతి విద్యార్థి జేబులోను ఒక కెమెరా ఉన్నది. దానిని అడ్డగించే అధికారి ఎవ్వరూ లేరు. ‘స్పెషల్ బులెటిన్’ ను పై తరగతులలో ఒక పూట చూపి, ఏ ఘట్టంలో వార్తాసంస్థ సాక్షిగా ఉండడం మాని పాత్రధారి అయినదో గుర్తించి వ్రాయుమంటే, పిల్లలకు అది మంచి అభ్యాసమవుతుంది. ఒక్కొక్కరు ఒక్కొక్క ఘట్టం చూపుతారు. వాదం పెరుగుతుంది. పెరగనిండు.

చిత్రం ప్రేలుడుతో ముగియదు. మూడు దినాలు గడచిన పిమ్మట వార్తలు తిరిగి వస్తాయి. చార్లెస్టన్ కబురు చెప్పడం అవుతుంది. ఆ వెంటనే ఇతర వార్తలు మొదలవుతాయి.