నిఘా తుపాకీపైనే.. తూటా మాటేమిటి?

కరీంనగర్, ఆదిలాబాద్: నాటు తుపాకులు పట్టుబడ్డాయన్న వార్త ఉత్తర తెలంగాణ పాఠకులకు కొత్త కాదు. బల్లపై తుపాకులు పేర్చి, వెనుక ముసుగులు వేసిన నిందితులను నిలబెట్టి అధికారులు వివరాలు వెల్లడిస్తారు. ఆయుధం ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతకు కొన్నారు, ఎవరిని బెదిరించేందుకు తెచ్చారన్నది చెబుతారు. పక్కనే చిన్న సంచిలో ఉన్న తూటాలు, సీసపు గుండ్ల సంగతి మాత్రం ‘వాటినీ స్వాధీనం చేసుకున్నాం’ అన్న ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. తుపాకీ ఒకసారి తయారైతే తరాల పాటు నిలుస్తుంది. తూటా అలా కాదు. పేల్చిన ప్రతిసారీ కొత్తది కావాలి. అది ఎక్కడి నుంచి వస్తున్నదో తేల్చకుండా ఎన్ని తుపాకులు పట్టుకున్నా సమస్య సగమే తీరినట్లు.

భర్మార్ కాలం నుంచి..

సీసం కరిగించి ఇంట్లోనే గుండ్లు పోసుకోవడం ఈ ప్రాంతానికి పరాయి విద్య కాదు. గొట్టం మూతి నుంచే మందు, గుండు దట్టించి పేల్చే తుపాకీని ఇక్కడ ‘భర్మార్’ అంటారు. నింపి కొట్టేది అని ఆ మాటకు అర్థం. కమ్మరి కొలిమిలో తయారైన ఈ తుపాకీకి బజారులో తూటా కొనవలసిన పని లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నిజాం బలగాల కాల్పుల్లో నేలకొరిగిన నాటికి అడవి బిడ్డల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి ఇటువంటి సంప్రదాయ ఆయుధాలే. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలోనూ గ్రామ దళాలకు భర్మారే దిక్కయింది. 1948 మార్చి 14న హుస్నాబాద్ ప్రాంతంలోని మహ్మదాపూర్ వద్ద అనభేరి ప్రభాకరరావు, ఆయన సహచరులు అమరులైన ఘట్టం కరీంనగర్ జిల్లా ఇప్పటికీ మరువలేదు.

తరువాతి అధ్యాయం వేరు. 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర తరువాత జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1980లో పీపుల్స్‌వార్ ఏర్పడింది. పోలీసుల నుంచి ఎత్తుకెళ్లిన తుపాకులతో పాటు సొంతంగా ఆయుధాలు తయారు చేసుకునే ప్రయత్నాలూ సాగాయి. 2006 సెప్టెంబరులో మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో రాకెట్ గుళ్లు పెద్దఎత్తున బయటపడ్డాయి. వాటి విడిభాగాలు చెన్నై శివారు అంబత్తూరులోని కార్ఖానాల్లో తయారైనట్లు దర్యాప్తులో తేలింది. కొలిమి స్థాయి నుంచి కార్ఖానా స్థాయికి మందుగుండు తయారీ ఎలా పాకిందో చెప్పేందుకు అదొక్కటే చాలు. ఆ అధ్యాయమూ ముగింపు దిశగా సాగింది. పెద్దపల్లికి చెందిన మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ 2025 అక్టోబరులో సుమారు 60 మందితో కలిసి మహారాష్ట్రలోని గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు.

ఉద్యమాల తుపాకీ వెనక్కి తగ్గినా నేరగాళ్ల తుపాకీ తగ్గలేదు. ఉత్తరాది నుంచి చేరే ‘తపంచా’లు భూదందాలకు, వసూళ్లకు, పాత కక్షలకు పనికివస్తున్నాయి.

రెండూ ఒకటి కావు

భర్మార్, పిస్టల్ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే అసలు విషయం మరుగున పడుతోంది. భర్మార్‌కు తూటా అంటూ ఉండదు. మందు వేరు, గుండు వేరు. పిస్టల్ తూటా అలా కాదు. లోహపు తొడుగు, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, కొసన గుండు కలిస్తేనే తూటా. పేలిన తరువాత గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, తొడుగు మిగులుతుంది. ఆ ఖాళీ తొడుగును పారేయక మళ్లీ నింపడాన్నే ‘రీలోడింగ్’ అంటారు. అమెరికా వంటి దేశాల్లో ఇదొక కాలక్షేపం. ఖర్చు కలిసివస్తుందని ఇంట్లోనే సీసపు గుండ్లు పోసుకునేవారూ అక్కడ ఎందరో ఉన్నారు. వారికి పరికరాలు, మందు బహిరంగంగానే అమ్ముతారు.

మన దేశంలో పరిస్థితి పూర్తిగా భిన్నం. ఆదిలాబాద్ ఏజెన్సీలో అడవిపందుల నుంచి జొన్నచేను కాపాడుకునేందుకు తాతల నాటి భర్మార్ దాచుకున్న రైతుదీ, పట్టణంలో ఖాళీ తొడుగులు సేకరించి పిస్టల్ తూటాలుగా మార్చేవాడిదీ ఒకే నేరం కాదు. మొదటిది బతుకుతెరువుతో ముడిపడిన సమస్య. రెండవది మనుషుల ప్రాణాలతో చెలగాటం.

చట్టం ఏం చెబుతోంది?

1959 నాటి ఆయుధాల చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. తూటా అంటే పూర్తిగా తయారైన తూటా ఒక్కటే కాదని, దాని విడిభాగాలు, తయారీ యంత్రాలు కూడా ఆ నిర్వచనం కిందికే వస్తాయని రెండో సెక్షన్ చెబుతోంది. లైసెన్సు లేకుండా వీటిని తయారు చేయడాన్ని, అమ్మడాన్ని అయిదో సెక్షన్ నిషేధిస్తోంది. 2019 డిసెంబరులో చేసిన సవరణతో ఈ నేరానికి శిక్ష మరింత కఠినమైంది. కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవ కారాగారం విధించవచ్చు. పిస్టల్‌కు లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారు చేసుకునే హక్కు లభించదన్న సంగతి లైసెన్సుదారుల్లోనే చాలామందికి తెలియదు.

బ్రిటిష్ పాలకులు ఈ కిటుకును ముందే పసిగట్టారు. 1878 నాటి ఆయుధాల చట్టంలో తుపాకులతో పాటు సీసం, గంధకం, సూరేకారం వంటి ముడిసరుకుపైనా ఆంక్షలు పెట్టేందుకు వీలు కల్పించుకున్నారు. నేడు సీసం లేని బజారు లేదు. గోదావరి జాలరి వలకు కట్టే గుళ్లు మొదలుకొని వాహనాల బ్యాటరీల వరకు అంతటా అదే. దానిని కట్టడి చేయడం సాధ్యం కాదు. అందువల్ల నిఘా ఉండవలసింది సీసంపై కాదు.. ప్రైమర్, మందు, ఖాళీ తొడుగులపై. ఈ మూడూ కొలిమిలో పుట్టేవి కావు. ఎక్కడో ఒకచోట చట్టబద్ధమైన గొలుసు నుంచి జారిపోతేనే బయటకు వస్తాయి.

అదే చట్టం సాగుదారుకు ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. నిజంగా పంట రక్షణకే అయితే మూతి నుంచి దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చునని 13వ సెక్షన్ పేర్కొంటోంది. ఏజెన్సీ గ్రామాల్లో ఈ నిబంధన గురించి తెలిసినవారు అరుదు. దరఖాస్తు చేసుకునే మార్గం తెలియక, దాచుకున్న తుపాకీ బయటపడితే జైలు తప్పదన్న భయంతో కాలం వెళ్లదీసేవారే ఎక్కువ. అయితే పంట రక్షణ లైసెన్సు వేటకు అనుమతి కాదన్నదీ గుర్తుంచుకోవాలి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ పరిసరాల్లో దుప్పిని కొట్టినా, కణుజును కొట్టినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

లెక్క తప్పేది ఎక్కడ?

సామాన్య లైసెన్సుదారు ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో, ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. కొన్న ప్రతిసారీ దుకాణంలో నమోదు చేయించాలి. చాలాకాలం ఈ తూటాలు ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల నుంచే వచ్చేవి. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు సంస్థలుగా విభజించాక మందుగుండు తయారీ పుణె కేంద్రంగా ఉన్న మ్యునిషన్స్ ఇండియా సంస్థకు చేరింది. విదేశీ తూటాల దిగుమతికి సామాన్యులకు అవకాశం లేదు. సరఫరా పరిమితం, ధర అధికం కావడమే దొడ్డిదారులకు ఆస్కారం ఇస్తోంది.

క్రీడాకారుల సంగతి వేరు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. ఇషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పిస్టల్ విభాగంలో పతకాలు సాధించారు. సాధనకు వేల తూటాలు అవసరం గనుక 2020లో కేంద్రం క్రీడాకారుల పరిమితిని పెంచింది. అయితే 25 మీటర్ల మహిళల పిస్టల్ పోటీల్లో వాడే .22 తూటాకు ప్రత్యేకంగా ప్రైమర్ ఉండదు. నిప్పు రాజేసే పదార్థం తొడుగు అంచులోనే ఉంటుంది. పేలాక ఆ తొడుగు మళ్లీ పనికిరాదు. కనుక క్రీడ పేరు చెప్పి రీలోడింగ్‌ను సమర్థించే వాదన ఇక్కడ నిలవదు.

పోలీసు ఫైరింగ్ రేంజిలో పేల్చిన తూటాల ఖాళీ తొడుగులను ఏరి, లెక్కపెట్టి అప్పగించడం ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. అదే క్రమశిక్షణ లైసెన్సుదారుల విషయంలో కనిపించదు. కొన్న తూటాలకు పుస్తకంలో లెక్క ఉంటుంది. పేల్చిన తూటా ఎక్కడ పేలింది, తొడుగు ఏమైందన్నది అడిగేవారు తక్కువ. ఎన్నికల వేళ ఆయుధాలు ఠాణాల్లో జమ చేయించుకునేటప్పుడు కూడా తుపాకీ నంబరు చూస్తున్నంత శ్రద్ధగా మిగిలిన తూటాలను, ఖాళీలను సరిచూస్తున్నారా అన్నది ప్రశ్నే.

పేల్చకముందే కాటు

ఇంటి తూటా ఎదుటివాడి కన్నా ముందు తయారు చేసినవాడినే దెబ్బతీస్తుంది. మందు పాలు ఏ కొంచెం తప్పినా గొట్టం చేతిలోనే పగులుతుంది. అంతకన్నా నిశ్శబ్దంగా హాని చేసేది సీసం. కరిగించేటప్పుడు వెలువడే పొగ, తెట్టు తీసినప్పుడు రేగే ధూళి ఊపిరితో పాటు లోనికి చేరతాయి. చేతులకు, బట్టలకు అంటిన దుమ్ము ఇంట్లో పిల్లల నోటికి చేరుతుంది. రక్తహీనత, కడుపునొప్పి, నరాల బలహీనత, మూత్రపిండాల వ్యాధి పెద్దలను పీడిస్తే, పసివారిలో మెదడు ఎదుగుదలే కుంటుపడుతుంది.

సీసం ఇంతవరకైతే ఫర్వాలేదన్న హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేస్తోంది. 2021లో ప్రపంచవ్యాప్తంగా 15 లక్షలకు పైగా మరణాలకు సీసం కారణమైందన్నది ఆ సంస్థ చెబుతున్న అంచనా. భారత్‌లో 27 కోట్లకు పైగా పిల్లల రక్తంలో సీసం ఆందోళనకర స్థాయిలో ఉండవచ్చని 2020లో యునిసెఫ్ భాగస్వామ్యంతో వెలువడిన నివేదిక పేర్కొంది. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో వందలమంది అంతుచిక్కని వ్యాధితో ఆసుపత్రుల పాలైనప్పుడు రోగుల రక్తంలో సీసం, నికెల్ ఆనవాళ్లు ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షల్లో వెల్లడైంది. తరువాత పురుగుమందుల అవశేషాలపైకి దృష్టి మళ్లినా, సీసం పేరు సామాన్యుల చెవిన పడింది అప్పుడే.

అడవికీ ఈ ముప్పు ఉంది. సీసపు గుండు తగిలిన జంతువు మాంసంలో కంటికి కనిపించని తునకలు మిగులుతాయి. కళేబరాన్ని తిన్న రాబందుకు అదే విషం. కాండార్ రాబందులను కాపాడుకునేందుకు అమెరికాలోని కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. మన దేశంలో రాబందుల వినాశనానికి ప్రధాన కారణం పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందేనని తేలినా, ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్టపై గూళ్లు కట్టిన రాబందులకు మరో విషం తోడు కాకూడదు.

చేయవలసింది ఇదీ..

పాత రెండు జిల్లాలు 2016 అక్టోబరులో చీలి, కరీంనగర్, రామగుండం పోలీసు కమిషనరేట్లు ఏర్పడ్డాయి. యంత్రాంగం ప్రజలకు దగ్గరైంది. దాని ఫలితం మూడు విషయాల్లో కనిపించాలి. ఒకటి, ఆయుధం పట్టుబడిన ప్రతి కేసులోనూ తూటా పుట్టుక తేలేదాకా దర్యాప్తు సాగాలి. రెండు, లైసెన్సు పునరుద్ధరణ సమయంలో కొన్న తూటాలకు, పేల్చిన తూటాలకు, ఖాళీ తొడుగులకు లెక్క అడగాలి. మూడు, ఏజెన్సీ గ్రామాల్లో భర్మార్లను స్వచ్ఛందంగా అప్పగించేందుకు గడువు ఇచ్చి, నిజమైన సాగుదారుకు పంట రక్షణ లైసెన్సు మార్గం చూపాలి. లేదా అడవిపందుల వల్ల కలిగే నష్టానికి పరిహారం సకాలంలో చెల్లించాలి. రెండూ చేయకుండా తుపాకీ మాత్రం అప్పగించమంటే రైతు వినడు.

సీసం కరిగించే చోట పనిచేసే బ్యాటరీ కార్మికులకు, వారి పిల్లలకు రక్తపరీక్షలు జరిపే ఏర్పాటు జిల్లా ఆసుపత్రుల్లో ఉండటం కూడా అవసరం. తుపాకీ కేసుల్లో పోలీసుల పని తుపాకీతో ముగియరాదు. సంచిలోని ఆ నాలుగు తూటాలు ఎక్కడివన్న ప్రశ్నకు సమాధానం దొరికినప్పుడే కేసు పూర్తయినట్లు.